నాలుగో బండి పదమూడు నిమిషాలు

సోమవారం పొద్దున ఆరింటికి కొండ మీది అంబులెన్సు కిందికి దిగిపోతుంది. ఆర్డరు తయారైంది, సంతకం పడింది, ఎనిమిది బండ్ల డ్రైవర్లకూ చేరింది. దానికి మూలం ఇరవై ఒక్క ఏళ్ళ అమ్మాయి రాసిన నలభై పేజీల నివేదిక.

కంట్రోల్ రూములో ఆమెను అందరూ లెక్కలమ్మాయి అనేవారు. ఆమెది నాలుగేళ్ళ గణితం డిగ్రీ. రెండేళ్ళు క్లాసులో, మూడో ఏడాది ఎక్కడో ఒకచోట ఉద్యోగంలో, నాలుగో ఏడాది మళ్ళీ క్లాసులో. ఉద్యోగం ఇచ్చినవాళ్ళు ఏడాది చివర ఒక ఫారం మీద 'సంతృప్తికరం' అని రాసి సంతకం పెడితే ఆ ఏడాది పట్టాలోకి ఎక్కుతుంది. పెట్టకపోతే బూడిదలో పోసిన పన్నీరే. మిగతా పిల్లలు గాజు అద్దాల ఆఫీసులు వెతుక్కుని వెళ్ళారు. ఈమె అంబులెన్సుల కంట్రోల్ రూముకి వచ్చింది. ఎందుకొచ్చావని అడిగితే, ఇక్కడ లెక్క తప్పితే తెలుస్తుంది అని చెప్పేది. తప్పింది. తెలిసినవాళ్ళు మాత్రం లేరు.

ఆమెకిచ్చిన పని చిన్నది కాదు. ఊరికి ఎనిమిది అంబులెన్సులు. ఒక్కొక్కటి ఒక్కోచోట నిలబడి ఉంటుంది. ఫోన్ వస్తే దగ్గరున్నది పరిగెత్తుతుంది. ఏ బండి ఎక్కడ నిలబడితే జనానికి త్వరగా అందుతుంది? ఏడాది కాలంలో వచ్చిన పదకొండు వేల కాల్స్ ఆమె ముందు పోశారు. ప్రతి బండిలోనూ ఒక టాబ్లెట్ ఉంటుంది. దాని మీద నాలుగు బొత్తాలు. బయల్దేరాం, చేరాం, ఎక్కించాం, దించాం. ఏది నొక్కినా టైము నమోదవుతుంది. పైవాళ్ళు అడిగేది మొదటి రెండింటి మధ్య కాలమే. అది పది నిమిషాలు దాటకూడదు.

ఏడు బండ్ల సగటు ఎనిమిది నిమిషాలు. కొండ మీద నిలబడే నాలుగో బండిది పదమూడు.

ఆ సంగతి ఆమె చెప్పకముందు ఎవరికీ పట్టలేదు. చెప్పాక నాలుగో బండి డ్రైవరుకి 'తాబేలు' అని పేరు పడింది. ఆమె లెక్క అక్కడితో ఆగలేదు. నాలుగో బండిని కిందికి, మార్కెట్ కూడలికి దింపేసి, కొండ కాల్స్‌ని వంతెన దగ్గరుండే ఐదో బండికి అప్పజెబితే కొండ మీదికి ఎంతసేపట్లో చేరుతుందో చూసింది. పదకొండు నిమిషాలు వచ్చింది. ఎక్కడో వంతెన దగ్గర్నుంచి వచ్చే బండి, పక్కనే ఉన్న బండికంటే రెండు నిమిషాలు ముందొస్తుంది.

ఇలాంటి ఫలితం చూస్తే మామూలు మనిషి ముక్కు మీద వేలేసుకుంటాడు. గణితం చదివినవాళ్ళు మురిసిపోతారు. రెండో ఏడాదిలో ఆమెకి ఒక పాఠం ఉండేది. ఒక్కోసారి ఊళ్ళో ఒక రోడ్డు మూసేస్తే అందరూ త్వరగా ఇల్లు చేరతారని, అది వింతగా కనిపించినా నిజమేనని. ఆ పాఠం రోజు ఆమెకి రాత్రి అన్నం సయించలేదు, అంత సంతోషం. ఇప్పుడు తన చేతికే అలాంటి రత్నం దొరికిందనుకుంది. మూడుసార్లు సరిచూసింది. కూడికలు, తీసివేతలు, మోడల్, అన్నీ సరిగ్గా ఉన్నాయి. ఇంకేం, రాసేసింది.

మేనేజరు ఆ పేజీ దగ్గర ఆగి కళ్ళజోడు తీశాడు.

"అంటే బండి తీసేస్తే కొండకి మేలంటావు."

"లెక్క అలాగే చెప్తోంది సార్."

"ఇన్నేళ్ళూ మనం తెలివి తక్కువగా బతికామన్నమాట," అన్నాడాయన. ఆ సాయంత్రమే నివేదిక పైకి వెళ్ళింది. పై నుంచి మెచ్చుకోలుతో వచ్చింది. శుక్రవారం పన్నెండింటికి ఆమె ఫారం యూనివర్సిటీకి పంపిస్తానని మేనేజరు మాటిచ్చాడు.

*

మంగళవారం యూనివర్సిటీ నుంచి మేడం వచ్చింది. ఉద్యోగానికి వెళ్ళిన పిల్లలు ఎలా ఉన్నారో చూడడం ఆవిడ పని. రోజుకి ముగ్గుర్ని చూడాలి కాబట్టి తొందరలో ఉంది. కోటు విప్పలేదు, కుర్చీ అంచున కూర్చుంది. నివేదిక తిరగేసింది. రత్నం ఉన్న పేజీ దగ్గర ఆగింది.

"ఈ పదమూడు ఎక్కడిది?"

"టాబ్లెట్ నుంచి మేడం."

"టాబ్లెట్‌లోకి ఎక్కడిది?"

"బొత్తం నొక్కితే వస్తుంది."

"ఎవరు నొక్కుతారు?"

"బండిలో వాళ్ళు."

"నొక్కుతుంటే చూశావా?"

లెక్కలమ్మాయి చూడలేదు. తొమ్మిది నెలలుగా పదకొండు వేల కాల్స్‌తో కాపురం చేస్తోంది గానీ ఒక్కరోజు కూడా బండెక్కలేదు. కంట్రోల్ రూము రెండో అంతస్తు, బండ్లు నిలబడేది ఊరి నిండా.

"పాలపొడి తాగి పెరిగినవాళ్ళకి గేదె రంగు తెలియదు," అంది మేడం లేస్తూ. "వెళ్ళి చూడు. పుస్తకంలో రాయి. శుక్రవారం సాయంత్రానికి నాకు చేరాలి." ప్రతి విద్యార్థీ వారం వారం ఏం చేశాడో రాసి పంపే పుస్తకం అది. ఆమె దాన్ని మొక్కుబడిగా రాసేది.

*

బుధవారం పొద్దున తొమ్మిదింటికి ఆమె కొండ మీది స్టాండుకి వెళ్ళింది. ఒక షెడ్డు, రెండు కుర్చీలు, గోడకి నీళ్ళ కుళాయి. నాలుగో బండి కడిగిన తడి ఆరకుండా నిలబడి ఉంది. డ్రైవరు అరవైకి దగ్గరపడ్డ మనిషి, పొట్టి, భుజాలు వెడల్పు. ఆయనతో పనిచేసే సిస్టర్ మందుల పెట్టెలో సీసాలు లెక్కపెడుతోంది.

"ఎవరమ్మా?" అన్నాడు డ్రైవరు.

"కంట్రోల్ రూము నుంచి బాబాయ్. ఇవాళ మీతో తిరుగుతాను."

"ఓ. నువ్వేనా ఆ లెక్కలమ్మాయివి?" ఆయన సిస్టర్ వైపు తిరిగాడు. "నాకు నామకరణం చేసిన తల్లి వచ్చింది. కుర్చీ వెయ్యి."

"తాబేలని నేను పెట్టలేదు బాబాయ్."

"పెట్టినవాడికి అంకె ఇచ్చావుగా. అగ్గిపుల్ల ఇచ్చి గడ్డివాము నేను కాల్చలేదన్నట్టుంది."

"ఊరుకో అన్నా," అంది సిస్టర్, తల ఎత్తకుండా. "సోమవారం నుంచి మనకి చదునుగా ఉండే ఊరు. మోకాళ్ళకి మంచిదే."

పది దాటాక కాల్ వచ్చింది. కొండ వెనక పాత క్వార్టర్స్, నాలుగో అంతస్తు, ఊపిరాడని పెద్దాయన. బండి బయల్దేరింది. ఆమె వెనక బల్ల మీద కూర్చుని ఫోన్‌లో స్టాప్‌వాచీ మొదలుపెట్టింది. తాబేలు మలుపుల్లో బ్రేకు తొక్కలేదు. ఎదురుగా చెత్త లారీ వస్తే పక్క సందులోకి దూర్చి అటు తేల్చాడు. ఆమె రెండు చేతులతో కడ్డీ పట్టుకుంది. బండి ఆగింది. వాచీ చూసింది. ఎనిమిది నిమిషాల ఇరవై సెకన్లు.

ఇంకా ఎవరూ ఏమీ నొక్కలేదు.

సిస్టర్ టాబ్లెట్‌ని దాని పట్టు నుంచి ఊడదీసి కోటు జేబులో వేసుకుంది. "చూస్తూ నిలబడకు, ఆ సంచీ పట్టుకో," అని లెక్కలమ్మాయి చేతిలో ఒకటి పెట్టింది. ఆక్సిజన్ సిలిండరు తాబేలు భుజాన ఎక్కింది. లిఫ్టు లేదు. మెట్లు ఇరుకు, ఒక్కో మలుపులో ఒక సైకిలో విరిగిన బీరువానో. రెండో అంతస్తుకే లెక్కలమ్మాయి సంచీని చెయ్యి మార్చుకుంది. మూడో అంతస్తులో ఎవరో తలుపు తీసి, చూసి, వేసుకున్నారు. నాలుగో అంతస్తులో తలుపు తెరిచే ఉంది. వంటింటి గోడకి ఆనుకుని పెద్దాయన కూర్చుని ఉన్నాడు, పెదాలు నీలం. సిస్టర్ మోకాళ్ళ మీద కూర్చుని ఆయన మణికట్టు పట్టుకుంది. రెండో చేత్తో జేబులోంచి టాబ్లెట్ తీసి 'చేరాం' నొక్కింది.

లెక్కలమ్మాయి వాచీ చూసింది. పదమూడు నిమిషాల నాలుగు సెకన్లు.

పెద్దాయన్ని ఆసుపత్రిలో దించి వచ్చాక, చేతులు కడుక్కుంటూ అడిగింది.

"సిస్టర్, అన్ని బండ్లవాళ్ళూ ఇలాగే నొక్కుతారా?"

"మనిషి దగ్గరా? లేదు. బండి ఆగగానే నొక్కేస్తారు. బెల్టు తీసేముందే. టాబ్లెట్ అక్కడే ఉంటుంది కదా, చేతికందుతుంది."

"మరి మీరెందుకు మోసుకెళ్తారు?"

సిస్టర్ ఇంకోసారి సబ్బు అందుకుంది. "ఆరేళ్ళ కిందట మేమూ అలాగే నొక్కేవాళ్ళం. ఒక ఇంట్లో మనిషి పోయాడు. ఆలస్యంగా వచ్చారని వాళ్ళు ఫిర్యాదు చేశారు. పావుగంట అయిందని వాళ్ళావిడ. ఆరు నిమిషాలని మా రికార్డు. విచారణలో నన్ను నిలబెట్టి అడిగారు. ఆరు అని చెప్పాను. కాగితం అదే చెప్తోంది మరి. ఆవిడ నా వంక చూసింది. ఐదో అంతస్తు వాళ్ళది." కుళాయి కట్టేసింది. "బయటికొచ్చాక అన్న టాబ్లెట్ ఊడదీసి నా చేతికిచ్చాడు. ఇక నీ జేబులో ఉంచుకో అన్నాడు. అంతే."

"ఎవరికైనా చెప్పారా?"

"ఎవరడిగారు?" అన్నాడు తాబేలు షెడ్డులోంచి.

ఆ రోజు ఇంకో మూడు కాల్స్ వచ్చాయి. ఒకటి నేల ఇల్లు, ఒకటి మూడో అంతస్తు, ఒకటి ఆరు. ఆమె మూడింటికీ రెండేసి టైములు రాసుకుంది. బస్సులో ఇంటికి వెళ్తూ ఆ కాగితం చూస్తుంటే లెక్క తనంతట తనే తేలిపోయింది. నాలుగో బండి పదమూడులో నాలుగున్నర నిమిషాలు మెట్లవి. ఐదో బండికి తను వేసిన పదకొండులో మెట్లు లేవు. అవి కూడా వేస్తే పదిహేనున్నర. సోమవారం నుంచి కొండ జనానికి అంబులెన్సు రెండు నిమిషాలు ముందు రాదు. రెండున్నర నిమిషాలు ఆలస్యంగా వస్తుంది.

రత్నం కాదు, గాజుపెంకు. అదీ తన చేత్తోనే కొండ మెడలో వేసింది.

*

గురువారం పొద్దున మేనేజరు ఆమె చెప్పిందంతా విన్నాడు. మధ్యలో రెండుసార్లు ఫోన్ మోగితే తీయలేదు. చెడ్డవాడు కాదాయన. పాతికేళ్ళ కిందట ఇదే ఊళ్ళో బండి నడిపినవాడే.

"ఇందులో ఇంత కంగారు ఏముంది? నాలుగో బండివాళ్ళని కూడా అందరిలా బండి ఆగగానే నొక్కమను. అప్పుడు అందరిదీ ఒకే కొలత."

"అప్పుడు వాళ్ళది ఎనిమిదిన్నర వస్తుంది సార్. అంటే నా నివేదిక తప్పు. ఆర్డరు వెనక్కి తీసుకోవాలి."

"ఆర్డరు కమిషనర్ గారి దాకా వెళ్ళొచ్చింది. వెనక్కి తీసుకోవాలంటే కారణం కావాలి. నువ్వు ఒక్కరోజు బండెక్కి నాలుగు మెట్లెక్కడం కారణం కాదు. నాలుగు ఉదాహరణలతో మీ గణితంలో ఏదైనా నిరూపణ అవుతుందా?"

"నిరూపించడానికి చాలవు సార్. తప్పని చెప్పడానికి ఒకటి చాలు."

ఆయన నవ్వలేదు. "నాకు పదకొండు వేలలో చూపించు. రేపు పన్నెండులోపు. పన్నెండింటికి నీ ఫారం కూడా పంపాలి, గుర్తుంది కదా."

ఆమె మళ్ళీ కొండెక్కింది. మేనేజరు మాట చెప్పింది. తాబేలు టైరులో గాలి చూస్తున్నాడు.

"నొక్కను," అన్నాడు.

"నొక్కితే మీ అంకె బాగుపడుతుంది బాబాయ్. తాబేలన్న పేరు పోతుంది."

"పేరుదేముందమ్మా, పోయేదాకా ఉంటుంది. మెట్ల కింద నిలబడి చేరామని నొక్కితే పైనున్నవాడికి ఊపిరొస్తుందా?" గాలి గొట్టం చుట్టాడు. "నీ లెక్క నువ్వు చూసుకో. నా వేలు నేను చూసుకుంటా."

ఇక మిగిలింది పదకొండు వేలు. మిగతా ఏడు బండ్లు మెట్ల కింద నొక్కుతున్నాయని వాటి రికార్డుల్లోంచే చూపించాలి. నొక్కిన చోటు ఏ రికార్డూ చెప్పదు. మళ్ళీ బస్సెక్కి, కంట్రోల్ రూములో తన మూల బల్ల దగ్గర కూర్చుని, తెర మీద పట్టీ తెరిచింది. బయల్దేరాం ఒక వరస, చేరాం ఒక వరస. ఎంతసేపు చూసినా అవే మాట్లాడతాయి.

నాలుగింటికి కుర్చీలో వెనక్కి వాలింది. అప్పుడు కనిపించింది, చేరాం వరస పక్కన సన్నని గీత. అక్కడ ఇంకేదో మడిచి ఉంది. తొమ్మిది నెలల కిందట, వచ్చిన మొదటి రోజున, తనే మడిచి దాచేసిన వరస. 'ఎక్కించాం'. రోగిని బండిలోకి ఎక్కించిన టైము. పది నిమిషాల నియమానికి దానితో పని లేదు కాబట్టి అడ్డమనుకుంది.

విప్పింది.

ఎక్కించడంలో ఎవరి అలవాటూ లేదు. స్ట్రెచర్ లోపలికి వెళ్ళి తలుపు పడ్డాకే ఎవరైనా నొక్కుతారు, ఎందుకంటే ఆ నొక్కుతోనే ఆసుపత్రికి కబురు వెళ్తుంది. అంటే బయల్దేరినప్పటి నుంచి ఎక్కించేదాకా పట్టిన కాలం ఎనిమిది బండ్లకీ ఒకే కొలత. మధ్యలో 'చేరాం' ఎక్కడ నొక్కినా ఆ మొత్తం మారదు.

ఏడు బండ్లు: చేరడానికి ఎనిమిది, చేరాక ఎక్కించడానికి పద్ధెనిమిది. మొత్తం ఇరవై ఆరు.

నాలుగో బండి: చేరడానికి పదమూడు, ఎక్కించడానికి పదకొండు. మొత్తం ఇరవై నాలుగు.

ఊళ్ళోకెల్లా నిటారు మెట్లున్న చోట పనిచేస్తూ, ఎనిమిదింటిలో తాబేలుది రెండో స్థానం. మిగతా బండ్లు మెట్లెక్కే కాలాన్ని అవతలి గదిలోకి తోసేసి తలుపు వేశాయి. ఆమె అంతటితో ఆగకుండా కాల్స్‌ని అంతస్తుల వారీగా విడదీసింది. నాలుగో బండి నేల ఇంటికి తొమ్మిది నిమిషాల్లోపు, ఒక్కో అంతస్తుకీ ఒక నిమిషం పైచిలుకు అదనం. మిగతా ఏడింటికి నేల ఇల్లయినా ఎనిమిదే, లిఫ్టు లేని ఆరో అంతస్తయినా ఎనిమిదే. రెక్కలుంటే తప్ప ఆ అంకె రాదు.

ఇక దాన్ని మరోసారి సరిచూడాల్సిన పని లేదు. అయినా చూసింది. నాలుగుసార్లు.

*

శుక్రవారం పదకొండున్నరకి మేనేజరు ఆ రెండు పేజీలు చదివాడు. మొదటి పేజీ అయ్యాక లేచి తలుపు వేసి వచ్చి రెండోది చదివాడు. బయట వరండాలో ఊరి జనం కోసం పెట్టిన బోర్డు ఉంది, 'సగటున ఎనిమిది నిమిషాల్లో మీ ముంగిట' అని. తలుపుకున్న అద్దంలోంచి దాని వెనక వైపు కనిపిస్తోంది.

"ఎవరు చూశారు ఇది?"

"మీరే సార్."

"మీ మేడం?"

"సాయంత్రం నా పుస్తకం పంపాలి. ఇంకా పంపలేదు."

ఆయన కళ్ళజోడు మడిచాడు, విప్పాడు. "లెక్క సరిగ్గా ఉంది. కాదనను. నేను బండి నడిపిన రోజుల్లో టాబ్లెట్లు లేవు, వైర్లెస్‌లో చెప్పేవాళ్ళం. మేమూ కిందే చెప్పేవాళ్ళం." పేజీలు ఒకదాని మీద ఒకటి సర్దాడు. "కానీ ఇది కారణంగా రాస్తే నేను రద్దు చేసేది ఒక్క ఆర్డరు కాదు. ఆరేళ్ళ నుంచి నేను పైకి పంపిన ప్రతి ఎనిమిదీ రద్దవుతుంది. అది సోమవారం లోపు తేలే సంగతి కాదు. ఏడాదిలో కూడా తేలదు. విచారణ అంటారు, సంఘం అంటారు. ఈలోగా బండి దిగనే దిగుతుంది."

"మరి దిగకుండా ఉండాలంటే?"

"సోమవారం లోపు నా చేతిలో ఉన్న కారణం ఒకటే. విద్యార్థి నివేదికలో దోషం. నువ్వే గమనించి, నువ్వే రాసివ్వాలి. దాన్ని జత చేసి పది నిమిషాల్లో రద్దు చేస్తాను. దాన్ని ఎవరూ ప్రశ్నించరు."

"ఎందుకు ప్రశ్నించరు?"

"విద్యార్థివి కాబట్టి."

బల్ల మీద ఆమె ఫారం ఉంది. పైన ఆమె వివరాలు, కింద మేనేజరు ముద్ర, మధ్యలో రెండు గళ్ళు. ఒకటి సంతృప్తికరం, రెండోది కాదు. రెండూ ఖాళీ.

"ఫారం?" అంది.

"నువ్వే చెప్పు. దోషముందని మొత్తం ఊరికి రాతపూర్వకంగా చెప్పిన పనికి సంతృప్తికరమని ఏ చేత్తో పెట్టను? రెండు కాగితాలూ ఒకే ఫైలులో ఉంటాయి. వద్దనుకుంటే నేను ఈ రెండు పేజీలూ చూడలేదు. మొదటి గడిలో గుర్తు పెడతాను. మూడు నెలల తర్వాత మార్పుల మీద సమీక్ష ఉంటుంది. అప్పుడు చూద్దాం."

మూడు నెలలు అంటే తొంభై రోజులు. కొండ మీద రోజుకి సగటున ఐదు కాల్స్. నాలుగు వందల యాభై మంది. ఒక్కొక్కరికీ రెండున్నర నిమిషాలు. అందులో ఎంతమందికి ఆ రెండున్నర నిమిషాలే అసలు సంగతో ఏ వరసలోనూ లేదు, మడిచినదాన్లోనూ లేదు. మరోవైపు, తన తొమ్మిది నెలలు. ఒక్క మనిషివి.

ఆమె పెన్ను తీసింది.

"ముందు రద్దు పంపించండి సార్. డ్రైవర్ల టాబ్లెట్లలో కనిపించాక రాసిస్తాను."

"నా మీద నమ్మకం లేదా?"

"ఉంది సార్. వరస ముఖ్యం."

మేనేజరు ఆమెని ఒకసారి చూసి కంప్యూటరు వైపు తిరిగాడు. టైపు చేసేందుకు నాలుగు నిమిషాలు పట్టింది. పంపాడు. ఆమె ఫోన్‌లో సిస్టర్ నంబరు నొక్కింది.

"సిస్టర్, టాబ్లెట్‌లో ఏదైనా వచ్చిందా?"

అవతల కాసేపు గొడవగా ఉంది. సిస్టర్ ఎవరికో చదివి వినిపిస్తోంది. తర్వాత ఫోన్‌లోకి వచ్చింది. "సోమవారం మార్పు రద్దు అని వచ్చింది. ఏమైంది?"

"ఏం లేదు. లెక్కలో తప్పు దొర్లింది."

"మళ్ళీ మెట్లేనా అని అడుగుతున్నాడు అన్న."

"మెట్లే అని చెప్పండి."

ఫోన్ పెట్టేసి, తెల్లకాగితం మీద రాసింది. 'నా నివేదికలో నాలుగో బండి కాలాన్నీ, మిగతా బండ్ల కాలాలనీ ఒకే కొలతగా తీసుకోవడం నా పొరపాటు. అందువల్ల ముప్పై ఒకటో పేజీలోని సూచన చెల్లదు.' అందులో అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. నిజంలో సగం మాత్రం అందులో లేదు. మేనేజరు చదివాడు. 'ఒకే కొలతగా తీసుకోవడం' అన్నచోట పెన్సిల్ ఆగింది. ఆ ముక్క కొట్టేస్తే బాగుంటుందేమో అన్నట్టు ఆమె వంక చూశాడు. ఆమె చూపు తిప్పలేదు. ఆయన పెన్సిల్ కింద పెట్టాడు.

ఫారం మీద రెండో గడిలో గుర్తు పెట్టాడు. సంతకం చేస్తూ అన్నాడు, "పుస్తకంలో ఏం రాస్తావో నేనడగను."

"జరిగింది రాస్తాను సార్."

"అదే అడగనంటున్నా."

*

పుస్తకం నాలుగింటికి వెళ్ళింది. రెండు పేజీల లెక్కా, రెండు పట్టీలూ, ఎవరు ఎక్కడ నొక్కుతారో, అన్నీ అందులో ఉన్నాయి. ఐదున్నరకి మేడం ఫోన్ చేసింది. లెక్కలమ్మాయి బస్ స్టాపులో ఉంది.

"చదివాను. ఈ ఏడాది నాకొచ్చిన పుస్తకాల్లో చదవదగ్గది ఇదొక్కటే. ఇది పై కమిటీ ముందు పెడతాను, పెట్టనిస్తావా?"

"మీ ఇష్టం మేడం. నా ఫారం చేరిందా?"

"చేరింది," అంది మేడం. "నియమం నీకు తెలుసు కదా. పుస్తకానికి మార్కుల్లేవు. ఫారం లేనిదే ఏడాది లేదు. నేను వాదిస్తాను, కానీ ఒప్పుకుంటారని చెప్పలేను."

"తెలుసు మేడం."

"అయితే ఎందుకు చేశావని అడగను."

ఆ రోజు తనని ఏదో ఒకటి అడగనన్నవాళ్ళలో ఆవిడ రెండోది. బస్సు వచ్చింది.

మేనత్త ఇంట్లో ఉంటోంది ఆ ఏడాదంతా. అత్త కళ్ళజోళ్ళ దుకాణంలో అద్దాలు అరగదీస్తుంది. వేళ్ళ చివర ఎప్పుడూ తెల్లటి పొడి. నాలుగేళ్ళ చదువులో ఏడాది ఉద్యోగం ఏమిటే, పెళ్ళి మధ్యలో భోజనానికి లేచినట్టు, అని మొదటి రోజే దెప్పింది. తర్వాత రోజూ బస్సు టైముకి కిటికీ దగ్గర నిలబడేది. ఇవాళా నిలబడింది.

"ఇవాళేగా కాగితం పంపేది?" అంది తలుపు తీస్తూ. "పంపాడా ఆయన?"

"పంపాడు."

"మరి మొహం అలా ఉందేం? ఆ అంబులెన్సు గొడవ ఏమైంది, దిగుతోందా?"

"దిగట్లేదు."

"మరింకేం?"

"పోయింది అత్తా."

"ఏది పోయింది? బండి ఉందంటివి."

"ఏడాది."

అత్త ఆమె చేతిలోంచి సంచీ తీసుకుంది. బరువు చూసుకుని బల్ల మీద పెట్టింది. నీకేమైనా పిచ్చా అని అడగబోయి, ఎందుకో ఆగింది.

"తొమ్మిది నెలలా, మొత్తమా?"

"మొత్తం."

"సరే," అంది అత్త. "కాళ్ళు కడుక్కురా. అన్నం చల్లారిపోతోంది."